లివర్ ఫ్లష్‌కు సిద్ధమవుతున్నారా? నూనె గ్లాసు అందుకునే ముందు చేయాల్సిన పనులు

కొన్ని రోజులు ఆపిల్ జ్యూస్ తాగాలి. ఒక సాయంత్రం తిండి మానేసి ఎప్సమ్ సాల్ట్ నీళ్లు తాగాలి. పడుకోబోయే ముందు ఆలివ్ ఆయిల్‌లో నిమ్మరసం కలిపి గటగటా తాగేసి, కుడివైపుకు తిరిగి కదలకుండా పడుకోవాలి. తెల్లారాక టాయిలెట్‌లో ఆకుపచ్చ ఉండలు పదులకొద్దీ కనిపిస్తాయి. లివర్‌లోంచీ, గాల్‌బ్లాడర్‌లోంచీ (పిత్తాశయంలోంచీ) బయటపడ్డ రాళ్లు ఇవేనంటారు. చిన్న చిన్న తేడాలు తప్ప లివర్ ఫ్లష్ పద్ధతులన్నీ దాదాపు ఇంతే.

ఇది చేద్దామనుకునేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. కొందరికి నిజంగానే నొప్పి ఉంటుంది. కొందరికి స్కాన్‌లో రాయి బయటపడి, ఆపరేషన్ అనే మాట వినగానే టెన్షన్ పట్టుకుంటుంది. కోత లేకుండా ఒక్క రాత్రిలో ఇంట్లోనే పని అయిపోతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాబట్టి ఎవరినీ ఎగతాళి చేయకుండా, ఫ్లష్‌కు ముందు ఏమేం చేయాలో వరసగా చెబుతాను. ఫ్లష్ కొలతలు మాత్రం ఇందులో ఉండవు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందుగా, ఆ ఉండల సంగతి

ఫ్లష్ మీద నమ్మకమంతా ఆ ఆకుపచ్చ ఉండల మీదే నిలబడి ఉంది. కళ్లారా చూశాక కాదనడం కష్టం. అందుకే మొదట దాన్నే తేల్చుకుందాం.

2005లో ది లాన్సెట్ వైద్య పత్రికలో న్యూజిలాండ్ డాక్టర్లు ఒక కేసు రాశారు. నలభై ఏళ్ల మహిళ. కొవ్వు తిండి తిన్నాక కుడివైపు డొక్క కింద తీవ్రమైన నొప్పి, మూడు నెలలుగా వస్తూ పోతూ ఉంది. స్కాన్‌లో గాల్‌బ్లాడర్ నిండా 1–2 మిల్లీమీటర్ల చిన్న రాళ్లు కనిపించాయి. ఆమె అప్పటికే మూలికా వైద్యం చేసేవారి సలహాతో ఒక రోజంతా జ్యూస్ మీద ఉండి, సాయంత్రం 600 మిల్లీలీటర్ల ఆలివ్ ఆయిల్, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగింది. మర్నాడు నొప్పి లేకుండా ఆకుపచ్చ ఉండలు పడ్డాయి. వాటిని ఏరి, ఫ్రీజర్‌లో దాచి, డాక్టర్ల దగ్గరికి తెచ్చింది.

డాక్టర్లు వాటిని పరీక్షించారు. లోపల స్ఫటికాల్లాంటి నిర్మాణం ఏదీ లేదు. 40 డిగ్రీల సెల్సియస్ వేడికే కరిగి, నూనెలాంటి ఆకుపచ్చ ద్రవం అయ్యాయి. కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. అసలైన పిత్తాశయ రాళ్లలో ఉండేవి అవే. ఈ ఉండల్లో ముప్పావు వంతు కొవ్వు ఆమ్లాలే. అంటే ఆమె తాగిన నూనె పేగులో జీర్ణరసాలతో కలిసి, సబ్బుగా గడ్డకట్టింది. డాక్టర్లు ఆలివ్ ఆయిల్‌లో ప్రధానంగా ఉండే ఒలియిక్ ఆమ్లాన్ని నిమ్మరసంతో, కాస్త పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి ల్యాబ్‌లో అలాంటి ఉండలనే తయారుచేశారు కూడా. ఆమె అసలు రాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని తర్వాత ఆపరేషన్‌తో తీశారు.

ఇంకో లెక్క కూడా చూడండి. గాల్‌బ్లాడర్‌లో పట్టేది సుమారు 30 నుంచి 50 మిల్లీలీటర్లు. దాంట్లోంచి బయటికి వచ్చే సిస్టిక్ డక్ట్ అనే గొట్టం వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే, పైగా లోపల మెలికలు. తర్వాత కలిసే పెద్ద పిత్తనాళం కూడా మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. గోళీ అంత ఉండలు వందలకొద్దీ, అదీ నొప్పి లేకుండా, ఈ దారిలో రావాలంటే కుదిరే పని కాదు. ఒకసారి ఫ్లష్ చేసినవాళ్లకు రెండోసారి, మూడోసారి కూడా అన్నే ఉండలు పడటానికి కారణం కూడా ఇదే. నూనె తాగిన ప్రతిసారీ అవి కొత్తగా తయారవుతాయి.

నిజంగా రాళ్లు ఉన్నవాళ్లకే ప్రమాదం ఎందుకు?

కొవ్వు అరగడానికి లివర్ రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత గాల్‌బ్లాడర్‌లో చేరి చిక్కబడుతుంది. మనం కొవ్వు తినగానే చిన్నపేగు మొదటి భాగం కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. ఆ కబురు అందగానే గాల్‌బ్లాడర్ ముడుచుకుని రసాన్ని పేగులోకి నెడుతుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే పిండుడు అంత గట్టిగా ఉంటుంది.

అరకప్పు నూనె అంటే దాదాపు వెయ్యి క్యాలరీల కొవ్వు, అది కూడా ఖాళీ కడుపున, ఒక్కసారిగా. తాగిన నూనె లివర్‌లోకి గానీ గాల్‌బ్లాడర్‌లోకి గానీ వెళ్లదు, వెళ్లి కడగదు. గాల్‌బ్లాడర్‌ను పిండటం మాత్రం జరుగుతుంది. ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్, పిత్తనాళాలను వదులు చేస్తుందని ప్రచారం. కానీ అది పేగుకు తగిలితే అదే హార్మోన్ విడుదలై గాల్‌బ్లాడర్ ఇంకా ముడుచుకుంటుంది. లోపల రాయి లేకపోతే ఏమీ కాకపోవచ్చు. ఉంటే, సీసా మెడలో గోళీ ఇరుక్కున్నట్టు అది గొట్టంలోకి వచ్చి ఇరుక్కోవచ్చు.

సిస్టిక్ డక్ట్‌లో ఇరుక్కుంటే గాల్‌బ్లాడర్ వాచి ఇన్ఫెక్షన్ రావచ్చు. పెద్ద పిత్తనాళంలోకి జారితే పచ్చకామెర్లు, చలిజ్వరం. చివర్లో, క్లోమం గొట్టం కూడా వచ్చి కలిసే చోట ఆగితే ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. ఇక్కడ చిన్న రాయి పెద్ద రాయి కన్నా మంచిదేమీ కాదు. పెద్దది గొట్టంలో దూరదు కాబట్టి తరచూ ఉన్నచోటే ఉంటుంది, చిన్నది జారుతుంది. “నావి చిన్న రాళ్లే, ఫ్లష్‌తో పోతాయి” అనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి.

ఆపిల్ జ్యూస్‌లోని మాలిక్ ఆమ్లం రాళ్లను మెత్తబరుస్తుందని కూడా అంటారు. తాగిన మాలిక్ ఆమ్లాన్ని శరీరం ఇంధనంగా వాడేసుకుంటుంది. గాల్‌బ్లాడర్‌లోని రాయిని నానబెట్టడానికి అది మిగలదు. లీటర్ల కొద్దీ తాగితే విరేచనాలు అవుతాయి, షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ పెరుగుతుంది.

మొదటి పని: ఈ రోజు మీ ఒంట్లో ఏముందో చూసుకోండి

ఇప్పుడే నొప్పితో ఉండి ఇది చదువుతుంటే ముందు దీన్ని తేల్చుకోవాలి. పిత్తాశయ నొప్పి సాధారణంగా పొట్ట పైభాగంలో కుడివైపు గానీ, రొమ్ము ఎముక కింద నడిమధ్యలో గానీ వస్తుంది. కుడి భుజానికో, వీపుకో పాకుతుంది. తిన్నాక లేదా అర్ధరాత్రి మొదలై, అరగంట నుంచి కొన్ని గంటల దాకా ఆగకుండా ఉండి, తర్వాత తగ్గిపోతుంది. గ్యాస్ నొప్పిలా కదిలితేనో, బాత్రూమ్‌కు వెళ్లొస్తేనో తగ్గేది కాదు.

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫ్లష్ ఆలోచన పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి:

– ఐదారు గంటలైనా తగ్గని నొప్పి, లేదా ఎటూ సర్దుకుని కూర్చోలేనంత నొప్పి
– జ్వరం, వణుకు
– కళ్లు, చర్మం పసుపుపచ్చగా మారడం, ముదురు రంగు మూత్రం, సుద్దలా తెల్లటి విరేచనం
– ఆగని వాంతులు
– ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం

చివరిది గాల్‌బ్లాడర్‌కు సంబంధించింది కాదని చాలామంది వదిలేస్తారు. పొట్ట పైభాగంలో వచ్చే నొప్పి ఒక్కోసారి గుండెపోటుదే అయి ఉంటుంది. “పైత్యమేలే” అని ఇంట్లో కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

రెండో పని: మీ మందులు, మీ జబ్బులు ఒక కాగితం మీద రాయండి

ఇది విసుగ్గానే ఉంటుంది. అయినా రాయండి. ఫ్లష్‌లో ఉండేవి మూడు: ఉపవాసం, విరేచనాలు, బోలెడంత కొవ్వు. ఈ మూడింటిలో దేనికి మీ ఒళ్లు తట్టుకోలేదో ఈ కాగితమే చెబుతుంది.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎప్సమ్ సాల్ట్ జోలికి అసలు పోకూడదు. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి పంపలేకపోతే రక్తంలో మెగ్నీషియం పేరుకుంటుంది. మొదట మత్తు, నీరసం. తర్వాత బీపీ పడిపోవడం, గుండె నెమ్మదించడం, కండరాలు పట్టుతప్పడం. మరీ పెరిగితే ఊపిరి కూడా అందదు. కిడ్నీ బాగుందో లేదో చాలామందికి క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేదాకా తెలియదు. ఇది గుర్తుంచుకోండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, షుగర్‌ను గట్టిగా తగ్గించే మాత్రలు గానీ వాడుతూ తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఉపవాసంతో పాటు విరేచనాలు కూడా తెచ్చుకుంటే కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు, అందుకే అది మోసం చేస్తుంది.

నీరు పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లకు విరేచనాలు తోడైతే ఒంట్లో నీరు తగ్గి, లేవగానే కళ్లు తిరుగుతాయి. డిగాక్సిన్, లిథియం వాడేవాళ్లకు ఒంట్లో లవణాలు అటూ ఇటూ కావడమే పెద్ద గండం. థైరాక్సిన్ మాత్ర, కొన్ని యాంటీబయాటిక్స్ మెగ్నీషియంతో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు. గర్భనిరోధక మాత్రలు కూడా తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటే నమ్మదగ్గవి కావు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, పెద్ద వయసువాళ్లు, గతంలో ప్యాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లు, పేగు మూసుకుపోయే సమస్య ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బందిపడేవాళ్లు: వీళ్లు ఫ్లష్ చేయకూడదు, చర్చకే తావు లేదు.

మూడో పని: స్కాన్. అసలు ప్రిపరేషన్ అంటే ఇదే

నన్నడిగితే ఈ మొత్తంలో తప్పనిసరి పని ఇదొక్కటే. పొట్ట అల్ట్రాసౌండ్‌కు కోత లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లను అది నూటికి తొంభై ఐదు పాళ్లు పట్టేస్తుంది. ఫ్లష్‌కు రోజుల తరబడి సిద్ధమయ్యే ఓపిక ఉన్నవాళ్లకు ఒక పూట స్కాన్ కష్టమేమీ కాదు.

దీనికి కూడా కొంత తయారీ కావాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. తింటే గాల్‌బ్లాడర్ ముడుచుకుపోయి లోపలేముందో సరిగా కనిపించదు. అందుకే ఉదయం మొదటి టైమ్ తీసుకుని, ముందు రాత్రి నూనె తక్కువగా తేలికపాటి భోజనం చేసి పడుకోవడం సులువు. పాలు, పాలు కలిపిన కాఫీ, టీ కూడా వద్దు. మంచినీళ్లు కొద్దిగా తాగొచ్చా అని సెంటర్‌లో అడగండి, చాలాచోట్ల తాగనిస్తారు. చూయింగ్ గమ్, సిగరెట్ మానాలి. గమ్ నమిలితే గాలి మింగుతాం, ఆ గాలి బొమ్మను చెడగొడుతుంది. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ మందు ఎంత, ఎప్పుడు అన్నది ముందురోజే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి.

స్కాన్ చేసేవాళ్లు మిమ్మల్ని ఎడమవైపుకు తిరగమంటారు, ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టమంటారు. ఎందుకంటే రాయి అయితే మీరు తిరిగినప్పుడు అది కూడా దొర్లుతుంది. పాలిప్, అంటే లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ, గోడకు అంటుకుని ఉంటుంది కాబట్టి కదలదు. రాయి వెనక నల్లటి నీడ పడుతుంది, శబ్ద తరంగాలు దాన్ని దాటి వెళ్లలేవు కాబట్టి. వీలుంటే స్క్రీన్ చూపించమనండి. తెల్లటి చుక్క, దాని కింద నల్లటి చార. మీ రాయి అదే.

ఫ్లష్ చేసి “నాకు రాళ్లు పోయాయి, స్కాన్‌లో కూడా లేవు” అనేవాళ్ల విషయంలో ఒక్కోసారి జరిగేది కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొవ్వు తాగిన కాసేపటికో, పరగడుపున కాకుండానో స్కాన్ తీయిస్తే ముడుచుకున్న గాల్‌బ్లాడర్‌లో రాళ్లు దాక్కుంటాయి. పోల్చిచూడాలంటే రెండు స్కాన్లూ పరగడుపునే ఉండాలి.

నాలుగో పని: రక్తపరీక్షలు

లివర్ ఫంక్షన్ టెస్ట్, బ్లడ్ కౌంట్, క్రియాటినిన్, షుగర్. నొప్పి ఉంటే లైపేజ్ (క్లోమం ఎంజైమ్) కూడా. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ పెరిగితే లివర్ కణాలు దెబ్బతింటున్నట్టు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ, బిలిరుబిన్ పెరిగితే పిత్తనాళంలో అడ్డు ఉందేమోనని అనుమానించాలి. తెల్లకణాలు పెరిగితే ఇన్ఫెక్షన్. లైపేజ్ మామూలు గరిష్ఠ పరిమితికి మూడింతలు దాటి, దానికి తగ్గ నొప్పి కూడా ఉంటే ప్యాంక్రియాటైటిస్. ఇవన్నీ మామూలుగా ఉన్నా గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉండొచ్చు. రక్తపరీక్ష బాగుందని స్కాన్ మానేయకూడదు.

ఐదో పని: రిపోర్టు చదవడం

రిపోర్టులో మాటలు చూసి భయపడేవాళ్లు ఎక్కువ. కోలెలిథియాసిస్ అంటే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, అంతే. స్లడ్జ్ అంటే చిక్కబడ్డ పైత్యరసం, అది రాయి అవ్వచ్చు, దానంతటదే పోవచ్చు కూడా. గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటడం, గాల్‌బ్లాడర్ చుట్టూ నీరు, ప్రోబ్‌తో నొక్కితే అక్కడే నొప్పి: ఇవి కలిసి ఉంటే వాపు ఉన్నట్టు. సీబీడీ అని రాసేది పెద్ద పిత్తనాళం. అది వెడల్పు అయిందని ఉంటే లోపల రాయి ఉందేమో చూడాలి. అల్ట్రాసౌండ్ గాల్‌బ్లాడర్‌లో రాయిని పట్టినంత బాగా ఈ గొట్టంలో రాయిని పట్టలేదు. అందుకే అవసరమైతే ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్ఐ స్కాన్, లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ రాస్తారు.

పాలిప్ అని ఉంటే సైజు చూడండి. 10 మిల్లీమీటర్లు, ఆ పైన అయితే సర్జన్‌ను కలవాలి. దానికి ఏ ఫ్లష్షూ పనికిరాదు. ఫ్యాటీ లివర్ అని ఉంటే అది లివర్ కణాల్లో చేరిన కొవ్వు. గొట్టాల్లో అడ్డుపడ్డ మురికి కాదు, నూనె తాగితే కొట్టుకుపోదు.

ఆరో పని: రిపోర్టును బట్టి దారి

రాళ్లు లేవు. మరి ఫ్లష్ ఎందుకు? “టాక్సిన్లు కడగడానికి” అంటారు. లివర్ మురికి పేరుకునే జల్లెడ కాదు. వచ్చిన పదార్థాలను ఎంజైములతో మార్చి పైత్యరసం ద్వారా, మూత్రం ద్వారా ఎప్పటికప్పుడు పంపేస్తుంది. నొప్పి మాత్రం ఉంటే దాని కారణం వేరే చోట వెతకాలి: కడుపులో పుండు, యాసిడ్, పేగు సమస్య, గుండె. ఫ్లష్ చేసి కొన్నాళ్లు బాగుందనిపిస్తే ఆ వెతుకులాట ఆగిపోతుంది, అదే నష్టం.

రాళ్లున్నాయి, కానీ ఎప్పుడూ నొప్పి రాలేదు. చాలామంది ఈ కోవలోనే ఉంటారు. వీళ్లలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా మాత్రమే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి సాధారణంగా ఆపరేషన్ చెప్పరు, చూస్తూ ఉండమంటారు. హాయిగా నిద్రపోతున్న రాళ్లను నూనె పోసి లేపడం తెలివైన పని కాదు.

రాళ్లున్నాయి, నొప్పి కూడా వస్తోంది. ఒకసారి వచ్చిన నొప్పి మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. అయితే రెండు నొప్పుల మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆ మధ్యలో ఏం చేసినా, ఫ్లష్ అయినా ఇంకేదైనా, దానివల్లే తగ్గిందనిపిస్తుంది. ఇక్కడ నమ్మదగ్గ వైద్యం లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీసేయడం. 1985లో జర్మన్ సర్జన్ ఎరిక్ మ్యూహె మొదటిసారి చేసిన ఈ ఆపరేషన్ ఇప్పుడు అంతటా మామూలైపోయింది. చిన్న రంధ్రాలతో చేస్తారు, చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్తారు. రాళ్లు మాత్రమే తీసి గాల్‌బ్లాడర్ ఉంచొచ్చు కదా అని అడుగుతారు. ఉంచితే మళ్లీ రాళ్లు పుడతాయి. అది లేకపోయినా లివర్ పైత్యరసాన్ని నేరుగా పేగులోకి పంపుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పల్చగా అవుతాయి. అది ఉన్నమాటే, ముందే తెలుసుకుంటే మంచిది.

రాళ్లను కరిగించే మందు లేదా అంటే, ఉంది. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం. కానీ షరతులు చాలా. రాళ్లు చిన్నవై ఉండాలి, కాల్షియం పట్టని కొలెస్ట్రాల్ రాళ్లు అయి ఉండాలి, గాల్‌బ్లాడర్ బాగా పనిచేస్తూ ఉండాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వాడాల్సి రావచ్చు. కరిగినవాళ్లలో దాదాపు సగం మందికి ఐదేళ్లలో మళ్లీ వస్తాయి. అయినా ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించని వాళ్లకు ఇది అడగదగ్గ ప్రశ్న.

రాయి పెద్ద పిత్తనాళంలో ఉంది. ఇది వాయిదా వేసే విషయం కాదు. నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి రాయి తీసే ఈఆర్‌సీపీ సాధారణంగా చేస్తారు.

ఫ్యాటీ లివర్ మాత్రమే ఉంది. ఒక రకంగా మీరు అదృష్టవంతులు. అధిక బరువు ఉంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గినా లివర్‌లో కొవ్వు, వాపు గణనీయంగా తగ్గుతాయి. మద్యం మానాలి, తీపి పానీయాలు మానాలి, నడక పెంచాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. లివర్ డిటాక్స్ పేరుతో వచ్చే పొడులు, క్యాప్సూల్స్‌తో జాగ్రత్త. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో ఉన్న క్యాప్సూల్స్ లివర్‌నే దెబ్బతీసిన కేసులు ఉన్నాయి.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి?

ఫ్లష్ గురించి ఆలోచిస్తున్నానని చెప్పడానికి సిగ్గుపడకండి. చెప్పకపోతే మీ మందుల కాగితం ఉన్నా ఉపయోగం లేదు. అడగాల్సినవి ఇవి: నా నొప్పి నిజంగా ఈ రాళ్ల వల్లేనా? పిత్తనాళంలో రాయి ఉందని అనుమానం ఉందా? ఆరు నెలలు ఆగితే ఏం కావచ్చు? మందుతో కరిగే రకమేనా? ఆపరేషన్ ఎప్పటిలోగా? ఆలోపు నొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలి, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాయించుకుని రండి. అర్ధరాత్రి నొప్పి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు ఆ కాగితమే దిక్కు.

ఆపరేషన్ దాకా, లేదా కొత్త రాళ్లు రాకుండా

కొవ్వు పూర్తిగా మానేయమని కొందరు సలహా ఇస్తారు. నొప్పి వస్తున్న రోజుల్లో వేపుళ్లు, నెయ్యి, మీగడ తగ్గించడం సరైనదే. కానీ నెలల తరబడి కొవ్వే తినకపోతే గాల్‌బ్లాడర్ ఖాళీ అవడం తగ్గి, రసం నిలవుండి చిక్కబడుతుంది. మితంగా, పూటపూటకూ కొద్దిగా తినాలి. పూటలు ఎగ్గొట్టడం, రోజుల తరబడి జ్యూస్ మీద ఉండటం కూడా ఇదే కారణంగా మంచివి కావు.

ఉపవాసాలతో గబగబా బరువు తగ్గడం రాళ్లకు పేరుమోసిన కారణం. వారానికి కిలోన్నర దాటి తగ్గితే ముప్పు బాగా పెరుగుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో చాలు. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు రాళ్లు రాకుండా డాక్టర్లు కొన్ని నెలలు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం రాయడం కూడా ఇందుకే. పీచు ఎక్కువున్న తిండి, రోజూ కాస్త వ్యాయామం. ఇంతకు మించి ప్రత్యేక డైట్ ఏదీ లేదు.

అయినా చేసి తీరతానంటే

నా సలహా వద్దనే. అయినా మనుషులు చేస్తారు, కాబట్టి దాటకూడని గీతలు చెప్పడం నయం. స్కాన్‌లో రాయి, స్లడ్జ్, వెడల్పైన పిత్తనాళం ఉంటే చేయకూడదు. క్రియాటినిన్ తెలియకుండా ఎప్సమ్ సాల్ట్ నోట పెట్టకూడదు. విరేచనం కాలేదని మోతాదు మీద మోతాదు వేసుకోకూడదు. పని చేయడానికి గంటలు పట్టొచ్చు, ఆలోపు ఒంట్లో మెగ్నీషియం పెరిగిపోతుంది. తాగడానికి తీసుకునేది స్నానానికి, మొక్కలకు అమ్మే ప్యాకెట్ కాకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రయాణానికి ముందు, జ్వరంలో వద్దు. మందులు సొంతంగా ఆపొద్దు. నూనె తాగాక ఒళ్లు మగతగా ఉన్నప్పుడు వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తాగిన వెంటనే కదలకుండా పడుకోమనే సలహాలో ఈ ముప్పు దాగి ఉంది.

ఇప్పటికే చేసేసి ఉంటే

వారం రోజులు ఒళ్లు గమనించుకోండి. పొట్ట పైభాగంలో ఆగని నొప్పి, వీపుకు పాకే నొప్పి, జ్వరం, ముదురు మూత్రం, తెల్లటి విరేచనం, విపరీతమైన నీరసం లేదా మగత కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, ఏం తాగారో, ఎంత తాగారో దాచకుండా చెప్పండి. ఎప్సమ్ సాల్ట్ మాట చెబితేనే వాళ్లు రక్తంలో మెగ్నీషియం చూస్తారు. అది మామూలు పరీక్షల్లో ఉండదు.

ఒంట్లో బాగానే ఉండి, పడ్డవి రాళ్లేనని నమ్మకం ఉంటే ఒకదాన్ని గ్లౌజ్ వేసుకుని తీసి, వేళ్ల మధ్య నొక్కి చూడండి. మెత్తగా నలిగితే, లేదా గోరువెచ్చని నీళ్లలో కరిగిపోతే అది సబ్బే. గట్టిగా ఉంటే చిన్న సీసాలో వేసి డాక్టర్‌కు ఇవ్వండి, ల్యాబ్‌లో అందులో ఏముందో తేలుస్తారు. ఆ తర్వాత రెండు వారాలకు, పరగడుపున, కుదిరితే పాత స్కాన్ తీసిన చోటే మళ్లీ తీయించి, రెండు రిపోర్టుల్లో రాళ్ల సంఖ్య, సైజు పక్కపక్కన పెట్టి చూడండి.